బిగించిన ముఖం

3 జూన్ 1951, అమలాపురం

ఈ డైరీ రాజోలులో ఒక బీమా ఏజెంటు నాటకం చూసి ముచ్చటపడి ఇచ్చాడు. అయిదు నెలల పేజీలు ఖాళీగా పోయాయి. ఇవాళ మొదలుపెడుతున్నాను. ఈ సంగతి ఇంకెవరితోనూ చెప్పుకోలేను.

నిన్న కొత్తపేటలో ఆడాం. అక్కడ మొదటిసారి కరెంటు లైట్లు పెట్టారు. పదిహేడేళ్ళుగా పెట్రోమాక్సు వెలుగులోనే యువరాణి వేషం కడుతున్నాను. ఆ వెలుగులో ముఖం నున్నగా కనబడుతుంది. కరెంటు లైటు కింద ఒక్క గీతా దాగదు. రెండో అంకంలో యువరాజు ఎదట నిలబడి పద్యం ఎత్తుకున్నాను. యువరాజు కనకరాజు, ఇరవై నాలుగేళ్ళవాడు. పద్యం బాగా వచ్చింది. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో అన్నాడు, "కుర్రోడి తల్లి బాగా పాడుతుందండి."

ఎగతాళి కాదు. ఎవరూ నవ్వలేదు. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు.

పోస్టరు మీద నా పేరు రత్నమాల. అసలు పేరు నూకాలమ్మ. అంతర్వేదిలో వలలు అల్లే ఇంట్లో పుట్టాను. వయసు నలభై మూడు. అడిగినవాళ్ళకి ముప్పై ఆరు అంటాను.

4 జూన్

పొద్దుటి నుంచి అద్దం ముందే ఉన్నాను. బుగ్గలు జారి దవడ దగ్గర వేలాడుతున్నాయి. మెడ కింద చర్మం వదులైపోయింది. ఇదంతా ఎప్పుడు జరిగింది? రోజూ ఈ ముఖానికే కదా రంగు పూస్తున్నాను.

అక్క పాపాయమ్మ వచ్చి చూసి, అన్నం చల్లారిపోతోంది అంది.  ఈ ఇంట్లో మేమిద్దరమే. నేను ఆడతాను, అక్క వండుతుంది.

11 జూన్

నాటకాల కాంట్రాక్టరు మాణిక్యాలరావు గారు వచ్చారు. దసరా నుంచి నాది రాజమాత వేషమట. యువరాణి తులసికట. తులసికి పందొమ్మిదేళ్ళు. రెండేళ్ళు మా అరుగు మీద కూచోబెట్టుకుని నేనే నేర్పాను, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ కన్నెత్తి చూడాలో. మీ అనుభవానికి తగిన వేషమండీ అన్నారు మాణిక్యాలరావు గారు. చాలా మర్యాదగా చెప్పారు. కాఫీ పూర్తిగా తాగారు. ఆయన వెళ్ళాక ఆ గ్లాసు గోడకేసి కొట్టాను.

12 జూన్

తులసి నా కాళ్ళకి దండం పెట్టుకోవడానికి వచ్చింది. తలుపు తియ్యలేదు.

29 జూన్

మోకాలినొప్పికి మందు కోసం ఆస్పత్రికి వెళ్ళాను. కాంపౌండరు ఏలీయా గారు మా నాటకాలకి టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, వెనకాల నిలబడి చూసే మనిషి. దసరాకి ఏం నాటకమండీ అని అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన కంగారుపడి, నన్ను మరిపించడానికి కాబోలు, యుద్ధం కబుర్లు ఎత్తుకున్నారు. బర్మా సరిహద్దులో మిలటరీ ఆస్పత్రిలో మూడేళ్ళు పనిచేశారట. ట్యాంకుల్లో కాలిపోయిన సిపాయిలకి తొడ మీది చర్మం తీసి ముఖానికి అతికేవారట. అక్కడి సర్జను మేజరు వెంకటస్వామి గారు ఇప్పుడు మద్రాసులో సొంతంగా నర్సింగ్ హోమ్ పెట్టుకున్నారట. పెద్దింటి ఆడవాళ్ళు, సినిమా వాళ్ళు గుట్టుగా వెళ్ళి చెంపలు బిగించుకుని వస్తున్నారట.

చెప్పాక ఆయనకే భయం వేసింది. ఏదో కబురుకి చెప్పేనండి, మీ గురించి కాదండి అన్నారు.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. చెంపలు బిగించుకుని రావడం. అలాంటిదొకటి ఈ లోకంలో ఉంది.

6 జూలై

ఏలీయా గారిని ఉత్తరం రాయమన్నాను. ఒప్పుకోలేదు. కాలిపోయినవాడి మీద కత్తి పెట్టడం వేరు, బాగున్న చర్మం మీద పెట్టడం వేరు అన్నారు. వాడికి పోయేది ఏమీ ఉండదట, నాకు ఉందట. ఏముందండీ నాకు అని అడిగాను.

"కదిలే ముఖం ఉందండి," అన్నారు.

పొగిడి పంపించేద్దామని చూశారు. నేను కదల్లేదు.

20 జూలై

నాలుగోసారి వెళ్తే రాశారు.

9 ఆగస్టు

మేజరు గారి దగ్గర్నించి జవాబు. అంతా ఇంగ్లీషు. ఏలీయా గారు చదివి, ఒక్కొక్క ప్రశ్నా తెలుగులో అడిగి, నేను చెప్పింది రాసుకున్నారు. వయసెంత? ముప్పై ఆరు. రక్తపోటు ఉందా? లేదు. ఎప్పుడైనా చూపించారా? లేదు. దెబ్బ తగిలితే రక్తం తొందరగా కడుతుందా? ఆయ్, కడుతుందండి. పొగాకు అలవాటు ఉందా?

పద్నాలుగో ఏట నుంచి చుట్ట తాగుతున్నాను. లంకపొగాకు తెచ్చి అక్కా నేనూ కూచుని చుట్టుకుంటాం. మా ఇద్దరికీ అదొక్కటే సుఖం. ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వం.

లేదండి అన్నాను.

ఏలీయా గారి కలం ఆగింది. పసుపెక్కిన నా చూపుడువేలు వైపు చూశారు. చెయ్యి కొంగులో దాచుకున్నాను. ఆయన తల వంచుకుని 'లేదు' అని రాశారు.

చివరి ప్రశ్న, ఇది ఎందుకు చేయించుకుంటున్నారు అని. ఇది కూడా ఒక ప్రశ్నేనా? లైటు కోసమని రాయమన్నాను.

8 సెప్టెంబరు

మేజరు గారు రమ్మని రాశారు. అమ్మ ఇచ్చిన కాసులపేరు అమ్మేశాను. అక్క రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తన బట్టలు కూడా మూట కట్టుకుంది.

మాణిక్యాలరావు గారికి కంటి వైద్యమని చెప్పాను. రేపు బొబ్బర్లంక దాకా బస్సు, అక్కడ లాంచీ, రాజమండ్రిలో మద్రాసు మెయిలు.

13 సెప్టెంబరు, మద్రాసు

మేజరు గారిని చూశాను. మనిషి పొట్టి, తెల్లజుట్టు, చేతులు మాత్రం చిన్నపిల్లవాడి చేతుల్లా ఉన్నాయి. నన్ను కిటికీ దగ్గర కూచోబెట్టి చేతికి అద్దం ఇచ్చారు. రెండు చెంపల మీదా వేళ్ళు ఆనించి చెవుల వైపు మెల్లిగా లాగి పట్టుకున్నారు.

అద్దంలో మనిషికి ఇరవై ఎనిమిదేళ్ళు. నేను ఆమెని ఎరుగుదును. పిఠాపురంలో ఆమె పద్యానికి వన్స్ మోర్లు నాలుగు పడ్డాయి.

మేజరు గారు అలా పట్టుకునే చెప్పుకుపోతున్నారు. చెవి ముందు నుంచి వెనక జుట్టులోకి కోత పెడతారు. అక్కడ జుట్టు గొరుగుతారు. ఒళ్ళంతా మత్తు ఉండదు, ముఖానికే ఇంజెక్షన్లు, కత్తెర చప్పుడు నాకు వినబడుతుంది. మచ్చ చెవి మడతలో దాగుతుంది గాని పోదు. చెవుల దగ్గర నెలల తరబడి స్పర్శ ఉండదు. పెదాల చుట్టూ గీతలు అలాగే ఉంటాయి. ఆరేడేళ్ళకి మళ్ళీ జారుతుంది, వయసుని ఆపడం ఆయన వల్ల కాదు. పది రోజులు నమలకూడదు, నవ్వకూడదు, పాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా దగ్గకూడదు. దగ్గితే లోపల రక్తం చేరుతుంది, చేరితే మళ్ళీ విప్పాలి. ముఖాన్ని కదిలించే నరం ఆ చర్మం కిందనే ఉంది. మొదటిసారి దాన్ని తప్పించుకుని వెళ్ళగలరు. రక్తం మడుగులో రెండోసారి వెతుక్కోవలసి వస్తే హామీ లేదు.

"నటించేవాళ్ళకి ఈ మాట రెండుసార్లు చెబుతానమ్మా. విన్నారా?"

విన్నానండి అన్నాను. నేను అద్దంలో మనిషినే చూస్తున్నాను.

ఆయన వేళ్ళు తీసేశారు. నా ముఖం మళ్ళీ కిందికి వచ్చింది. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాను. ఇవాళ పెట్టించుకోరట. మూడు రోజులు ఆలోచించుకుని రమ్మన్నారు. వద్దనుకుంటే సిగ్గుపడకుండా ఇంటికి వెళ్ళిపోవచ్చు, చాలామంది వెళ్ళారు అన్నారు. పొగాకు సంగతి మళ్ళీ అడిగారు. లేదని మళ్ళీ చెప్పాను.

16 సెప్టెంబరు

చెవుల చుట్టూ జుట్టు గొరిగారు. రేపు పొద్దున్న.

18 సెప్టెంబరు

పెన్సిలుతో రాస్తున్నాను. నిన్న అయింది. మూడున్నర గంటలు. కత్తెర చప్పుడు తడి గుడ్డ కోస్తున్నట్టు ఉంది. నొప్పి లేదు, లాగుడు తెలుస్తోంది. అంతా అయ్యాక పళ్ళు చూపించమన్నారు. కళ్ళు గట్టిగా మూయమన్నారు. బూర ఊదినట్టు బుగ్గలు పూరించమన్నారు. అన్నీ చేశాను. చాలా బాగుందమ్మా అన్నారు మేజరు గారు. ఆయన ముఖంలో కూడా సంతోషం కనబడింది.

తలంతా బాండేజీ. పాలు గొట్టంతో తాగుతున్నాను. చుట్ట కావాలి. నాలుక పీకేస్తోంది.

27 సెప్టెంబరు

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయక తప్పదు. ఇది ఎక్కడో ఒకచోట ఉండాలి.

పంతొమ్మిదో తారీకు మధ్యాహ్నం. నర్సు భోజనానికి వెళ్ళింది. అక్క దగ్గర చుట్టలున్నాయని నాకు తెలుసు. రోజూ పెరట్లోకి వెళ్ళి తాగి వచ్చేది, ఆ వాసనకి నాకు పిచ్చెక్కినట్టయ్యేది. ఒక్కటి ఇవ్వమని సైగ చేశాను. అక్క తల అడ్డంగా ఊపింది. డాక్టరు గారు వద్దన్నారు నూకూ అంది. చేతులు జోడించాను. ఏడవబోయాను. ఏడిస్తే కుట్లు తెగుతాయని అక్కకి భయం. ఆ భయంతో రవికలోంచి తీసి ఇచ్చింది. అంటించి కూడా ఇచ్చింది.

స్నానాలగదిలో నిలబడి నాలుగు దమ్ములు పీల్చాను. హాయిగా ఉంది. అయిదోదానికి పొర పోయింది. దగ్గు. ఆపుకోవాలని గోడ పట్టుకున్నాను. ఆగలేదు. కుడిచెంప లోపల ఏదో వేడిగా పాకింది. చూస్తూండగా బాండేజీ కింద బుగ్గ కురిడీ కొబ్బరికాయంత అయింది. అక్క కేక పెట్టింది.

మేజరు గారు అన్నం తింటున్న చెయ్యి కడుక్కుని పరిగెత్తి వచ్చారు. కుట్లు విప్పారు. ఇంజెక్షను పూర్తిగా పట్టేదాకా ఆగడానికి వీల్లేకపోయింది. గడ్డలు తీస్తున్నారు, రక్తం ఊరుతోంది, తుడుస్తున్నారు, మళ్ళీ ఊరుతోంది. రక్తం కారే చోటు దొరకడానికి చాలాసేపు పట్టింది. మాటిమాటికీ దేవుణ్ణి తలుచుకున్నారు ఆయన. ముడి వేశాక నన్ను పళ్ళు చూపించమన్నారు. చూపించాను.  మళ్ళీ చూపించమన్నారు.

ఏం జరిగిందమ్మా అని తర్వాత అడిగారు. తుమ్ము వచ్చిందని కాగితం మీద రాశాను. అక్క నేల చూపులు చూస్తోంది. మేజరు గారు కిటికీలు తెరవమని నర్సుకి చెప్పి వెళ్ళిపోయారు.

ఇవాళ కట్లు విప్పారు. ఎడమచెంప చూసి అద్దం దించలేకపోయాను. దవడ గీత చెక్కినట్టుంది. మెడ నున్నగా ఉంది. ఆ రోజు అద్దంలో చూసిన మనిషే. కుడివైపు కూడా బిగువుగానే ఉంది, కాని ప్రాణం లేదు. కన్ను మూయమంటే మూతపడదు, తెల్లగుడ్డు పైకి తిరుగుతుంది. నవ్వితే నోరంతా ఎడమవైపుకి ఈడ్చుకుపోతుంది. నరం నలిగి ఉంటే ఆరు నెలల్లో, ఏడాదిలో రావచ్చునట. తెగి ఉంటే రాదట. ఏది జరిగిందో ఆయనకీ తెలియదట.

14 అక్టోబరు, అమలాపురం

ఊరంతా వచ్చి చూసి వెళ్తున్నారు. అందరికీ ఒకటే మాట చెప్పాను, డాక్టరు నరం కోసేశాడని. చెప్పగా చెప్పగా నాకే నిజంలా అనిపిస్తోంది. అక్క ఆ మాట వచ్చినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళిపోతోంది.

అక్క మద్రాసు నుంచి వచ్చినప్పటి నుంచి చుట్ట ముట్టలేదు. నేను మానలేదు.

22 నవంబరు

మాణిక్యాలరావు గారికి కోపం వచ్చింది. కాంపౌండరుకి మద్రాసులో కమిషను ఉందని, బంగారంలాంటి మనిషిని కసాయికి పంపాడని ఆయనే ఊళ్ళో అన్నారట. ఎవరో ఆస్పత్రి కమిటీకి అర్జీ పెట్టారు. ఇవాళ కమిటీ తరఫున గుమాస్తా బాబూరావు గారు మా ఇంటికి వచ్చి నా వాఙ్మూలం రాసుకున్నారు. కాంపౌండరే మిమ్మల్ని ప్రోత్సహించారా అని అడిగారు.

నాలుగుసార్లు నేను బతిమాలుకున్నాననీ, ఆయన వద్దన్నారనీ చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

"నాకేం తెలుసండి. ఆయన ఎక్కడికి రాస్తే అక్కడికి వెళ్ళేను," అన్నాను.

బాబూరావు గారు చదివి వినిపించారు. సంతకం పెట్టాను.

19 డిసెంబరు

ఏలీయా గారిని కె.గంగవరం దగ్గర డిస్పెన్సరీకి మార్చేశారు. వెళ్ళే ముందు వచ్చారు. లోపలికి రాలేదు, అరుగు మీదే కూచున్నారు. కన్ను ఎండిపోతే చూపు పోతుందండి అని, రోజూ పడుకునే ముందు ఆముదం చుక్క వేసి రెప్ప మీద ప్లాస్టరు ఎలా అంటించాలో అక్కకి చూపించారు. అద్దం ముందు రోజూ అక్షరాలు పలకమన్నారు. నా వాఙ్మూలం సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సామాను బండి వీధి చివర ఆగి ఉంది. దాని మీద ఆయన భార్య, ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళు మా ఇంటి వైపు చూడలేదు.

3 జనవరి 1952

వీధిలో ఎలక్షను జీపులు. ఎద్దుల గుర్తుకే ఓటు, కొడవలి గుర్తుకే ఓటు. నేను తలుపు వేసుకుని ప, బ, మ పలుకుతున్నాను. పెదాలు కలవాల్సిన చోట కుడివైపు నుంచి గాలి జారిపోతోంది. అమ్మ అంటే అవ్వ అని వస్తోంది.

28 జనవరి

తులసికి టైఫాయిడు. అంతర్వేది తీర్థంలో నాటకం ఒప్పుకుని ఉన్నారు. యువరాణి వేషం వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు. నేనే మాణిక్యాలరావు గారి ఇంటికి వెళ్ళాను. ఎడమవైపు జనానికి ఉండేలా నిలబడతానన్నాను. అక్కడ పెట్రోమాక్సు లైట్లే కదండీ అన్నాను. ఆయన నా ఎడమవైపు నుంచి చాలాసేపు చూశారు. సరేనన్నారు.

7 ఫిబ్రవరి

నిన్న అంతర్వేదిలో ఆడాను.

పుట్టిన ఊరు. మా వాళ్ళందరూ ముందు చాపల మీద కూచున్నారు. పిన్నమ్మలు, వాళ్ళ పిల్లలు, చిన్నప్పుడు నాతో గవ్వలేరిన సూరమ్మ. తెర లేచింది. ఎడమవైపుగా నిలబడ్డాను. జనంలో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు, పదిహేడేళ్ళు దాన్ని తినే బతికాను. మొదటి పద్యం మెల్లగా, పెదాల అక్షరాలు మింగుతూ లాక్కొచ్చాను. ఎవరూ పసిగట్టలేదు. అప్పుడు అనుకున్నాను, అయిపోయింది, గట్టెక్కాను అని.

మూడో అంకంలో యువరాజు చనిపోయాడని కబురు వస్తుంది. యువరాణి తన తల్లి కాళ్ళ మీద పడి ఏడుస్తుంది. ఆ ఏడుపు ఒక వైపుకి తిరిగి ఏడ్చేది కాదు. నేను మరిచిపోయాను. నిజంగానే ఏడుపు వచ్చేసి జనం వైపు పూర్తిగా తిరిగి చేతులు చాచాను. "అవ్వా," అన్నాను. నోరు ఎడమవైపుకి వెళ్ళిపోయింది. ఒక కన్ను మూసుకుంది, ఒక కన్ను తెరుచుకునే ఉంది.

ముందు ఒక పిల్ల నవ్వింది. తర్వాత చాప మీదివాళ్ళు. తర్వాత అందరూ. వాళ్ళ తప్పు లేదు. హాస్యం అనుకున్నారు. నేను ఎంత ఏడిస్తే అంత నవ్వారు. సూరమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నాటకం మధ్యలో ఆపకూడదు. చివరి దాకా ఆడాను.

9 మార్చి

మాణిక్యాలరావు గారు కొత్త నాటకంలో గయ్యాళి అత్త వేషం ఇస్తామన్నారు. ఆ నవ్వు ఆయన మరిచిపోలేదు. రానన్నాను.

2 మే

వస్తానన్నాను.

30 నవంబరు

పోస్టరు మీద నా పేరు తులసి పేరు కన్నా పైన వేశారు. ముమ్మిడివరంలో నేను తెర వెనక నుంచి ముఖం బయట పెట్టగానే ఈలలు. మునుపు ఎప్పుడూ ఇంత చప్పుడు వినలేదు. ఏడాది దాటింది. నరం రాలేదు.

16 జూలై 1953

అక్క పోయింది. నాలుగు రోజుల జ్వరం.

మూడో రోజున చెయ్యి పట్టుకుని, "నేనే ఇచ్చేను కదా నూకూ," అంది. కాదే అక్కా, అడిగింది నేను అన్నాను. వినిపించుకోలేదు. ఏలీయా గారికి చెప్పెయ్యి అంది. రెండేళ్ళు ఆ మాట ఆమె గొంతులోనే ఉంది. నేను అబద్ధం ఆడాను, మోసింది ఆమె.

4 ఆగస్టు

ముక్తేశ్వరంలో రేవు దాటి, కోటిపల్లి నుంచి బండి మీద గంగవరం వెళ్ళాను. రెండు గదుల డిస్పెన్సరీ, తాటాకు కప్పు. ఏలీయా గారు గజ్జి పిల్లలకి మందు పూస్తున్నారు. ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది. మంచినీళ్ళు ఇచ్చింది. పెద్దపిల్ల చదువు అమలాపురంలో ఫోర్తుఫారం మధ్యలో ఆగిపోయిందండి, ఇక్కడ హైస్కూలు లేదండి అంది. 

చెప్పేశాను. చుట్ట, దగ్గు, తుమ్మని రాసిన కాగితం, బాబూరావు గారి ముందు అన్న మాట. అంతా వరసగా.

"తెలుసండి," అన్నారు ఏలీయా గారు. "మేజరు గారు అప్పుడే రాసేరు. గదిలో పొగాకు వాసన కొట్టిందని."

ఆ ఉత్తరం కమిటీకి ఎందుకు చూపించలేదండీ అని అడిగాను. 

ఆయన చేతులు తుడుచుకున్నారు. "ఆ రోజు మీ వేలు చూసేనండి. చూసి కూడా లేదని రాసేను. మిమ్మల్ని మళ్ళీ యువరాణిగా చూడాలని నాకూ ఉందండి."

నేను క్షమించమని అడగడానికి వెళ్ళాను. ఆ తర్వాత అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆయన నా కన్ను లాంతరు దగ్గర పరీక్ష చేసి, పొర కమ్ముతోంది, చుక్కలు మానొద్దని చెప్పారు.

కమిటీకి నిజం రాసి పంపాను. కాగితాలు మూసేశామని జవాబు వచ్చింది. [ఇది సెప్టెంబరులో చేర్చాను.]

19 ఫిబ్రవరి 1956

రెండేళ్ళకి పైగా దీని జోలికి రాలేదు. నాటకం, నిద్ర, నాటకం. కుడికన్ను చూపు మసక. రాయడానికి కొత్తగా ఏముంది?

ఇవాళ ఒకావిడ వచ్చారు. కారు వీధి మొదట్లో ఆపించి, ముసుగు వేసుకుని నడిచి వచ్చారు. పేరు సావిత్రమ్మ. కొత్తపేట వైపు పెద్ద కొబ్బరితోటల వారు. నలభై ఉంటాయి. భర్త కాకినాడలో ఇంకో ఇల్లు పెట్టారట, అక్కడి మనిషికి పాతికేళ్ళట. ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. మద్రాసులో ఆపరేషను సంగతి మిమ్మల్ని అడిగి తెలుసుకుందామని వచ్చేనండి అన్నారు. చేయించుకునేముందు ఏమేం తెలిసి ఉండాలండీ అని అడిగారు.

ఇన్నేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఒక పూటంతా చెప్పాను. దేన్నీ దాచలేదు. డాక్టరు అడిగినదానికి అబద్ధం చెప్పొద్దన్నాను, వయసు దగ్గర్నించి. చుట్ట సంగతి చెప్పాను. ఆవిడ చెయ్యి తీసుకుని నా కుడిచెంప మీద పెట్టి, మీ చెయ్యి నాకు తెలియడం లేదండి అన్నాను. ఇప్పుడు ఇంట్లో పగలు కూడా అంటించుకునే ప్లాస్టరు తీసి కన్ను చూపించాను. అమ్మ అనమంటే నాకు ఏం వస్తుందో వినిపించాను. ముఖం మారినంతమాత్రాన కాకినాడ వెళ్ళిన మనిషి వెనక్కి వస్తాడని ఎవరూ చెప్పలేరన్నాను. లోపల ఉన్నదంతా గీకి చెప్పాను.

ఆవిడ చాలా శ్రద్ధగా విన్నారు. ఆయ్, ఆయ్ అంటూనే ఉన్నారు. నేను ఆపాక లేచి వచ్చి నా ఎడమవైపు కూచున్నారు. గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పి చూశారు.

"ఇటువైపు ఎంత బాగున్నారండీ. ఆ డాక్టరు గారి చిరునామా ఇస్తారా?"

14 మార్చి

సావిత్రమ్మ గారు నిన్న మెయిలుకి మద్రాసు వెళ్ళారు.

చిరునామా నేనే రాసి ఇచ్చాను. ఈ నాలుగున్నరేళ్ళలో నన్ను బాగున్నావన్నది ఆవిడొక్కతే.